డాక్టర్ల డ్యూటీ చార్ట్ సాఫ్ట్‌వేర్‌కి అప్పగించే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

డ్యూటీలు వేసే పని నెత్తిన పడ్డవాళ్లు, ఆ డ్యూటీలు చేసేవాళ్లు, వాటి మీద వచ్చే పేచీలు తీర్చాల్సిన విభాగాధిపతులు. ఈ ముగ్గురూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనాలన్నది ఇక్కడ దొరకదు. కొనే ముందు ఏం తేల్చుకోవాలి, కొన్నాక ఎక్కడ చిక్కులొస్తాయి అన్నదే ఇందులో ఉంది.

ఎక్సెల్‌లో చార్ట్ బాగానే నడుస్తోంది. మార్చాల్సిన అవసరం ఏముంది?

ఏడెనిమిది మంది డాక్టర్లు, ఒకే రకం డ్యూటీ, నెలకు ఒకటో రెండో మార్పులు. మీ పరిస్థితి ఇదే అయితే మార్చకండి. ఎక్సెల్ చాలు, గోడకు అంటించిన కాగితమైనా చాలు.

ఇబ్బంది చార్ట్ వేసిన రోజు రాదు, మర్నాటి నుంచి మొదలవుతుంది. ఒకటో తారీఖున చార్ట్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. నాలుగో తారీఖున ఇద్దరు డ్యూటీలు మార్చుకుంటారు. ఆ సంగతి గ్రూపులో ఒక మెసేజ్‌గా పడి, కాసేపటికి పైకి వెళ్లిపోతుంది. పదో తారీఖుకల్లా 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది' అన్న పేర్లతో రెండు ఫైళ్లు తిరుగుతుంటాయి. రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో ఉన్న నర్సు సర్జరీ ఆన్ కాల్ డాక్టర్‌ని పిలవాలి. ఏ ఫైలు చూడాలి? పాతది చూసి ఫోన్ చేస్తే, నిద్రలోంచి లేచిన డాక్టర్ "ఈ రోజు నాది కాదు, మార్చుకున్నాం కదా" అంటారు. అసలు మనిషి దొరికేసరికి పేషెంట్ దగ్గర పావుగంట పోయి ఉంటుంది.

ఇంకో కారణం బయటికి కనిపించదు. ఎక్సెల్ చార్ట్ వెనుక ఉన్న రూల్స్ అన్నీ దాన్ని వేసే ఒక్కరి బుర్రలో ఉంటాయి. ఫలానా డాక్టర్‌కి బుధవారం ఓపీ ఉంది కాబట్టి మంగళవారం నైట్ వేయకూడదు, కొత్తగా చేరినవాళ్లని ఇద్దరినీ ఒకే రాత్రి పెట్టకూడదు, ఇలాంటివి. ఆ మనిషి కోర్సు అయిపోయి వెళ్లిపోయాక కొత్తగా పగ్గాలు పట్టినవాళ్లు ఆ రూల్స్‌ని ఒక్కొక్క గొడవ ద్వారా తెలుసుకుంటారు.

అసలు ఈ సిస్టమ్ చేసే పని ఏమిటి?

మూడు పనులు. ఎవరు ఎప్పుడు డ్యూటీలో ఉన్నారన్న దానికి ఒకే ఒక్క చార్ట్ ఉంచడం. లీవులు, మార్పులు, వాటికి ఎవరు ఒప్పుకున్నారు అన్నది నమోదు చేయడం. రూల్ తప్పితే వెంటనే చెప్పడం. చార్ట్‌ని అదే తయారు చేయడం నాలుగోది. అమ్మేవాళ్లు దాన్నే ముందు చూపిస్తారు. నా లెక్కలో మొదటి మూడూ సరిగ్గా ఉంటే నాలుగోది లేకపోయినా ఆస్పత్రికి సగానికి పైగా తలనొప్పి తగ్గుతుంది.

నర్సుల రోస్టర్‌కి ఇప్పటికే సాఫ్ట్‌వేర్ ఉంది. డాక్టర్లకీ అదే వాడొచ్చా?

కొంతవరకే. నర్సుల డ్యూటీలు ఎక్కువగా ఒక వార్డు, మూడు షిఫ్టులు అన్న పద్ధతిలో నడుస్తాయి. డాక్టర్ ఒకే రోజులో పొద్దున రౌండ్స్, తర్వాత ఓపీ లేదా ఆపరేషన్ థియేటర్, సాయంత్రం నుంచి ఆన్ కాల్ చేస్తారు. దానికి తోడు క్లాసులు, పరీక్షలు, వేరే విభాగానికి పోస్టింగులు. షిఫ్టులు మాత్రమే తెలిసిన సాఫ్ట్‌వేర్‌లో ఆ రోజంతా 'డే' అన్న ఒక్క గడిలోకి దూరిపోతుంది. అప్పుడు థియేటర్‌లో ఉన్న డాక్టర్ పేరే వార్డు కాల్స్‌కీ కనిపిస్తుంది. ఒకే మనిషికి ఒకే సమయంలో రెండు రకాల బాధ్యతలు వేయగలదా, వేస్తే వాటిలో ఏవి కలిసి ఉండొచ్చో ఏవి ఉండకూడదో దానికి చెప్పగలమా అన్నది ముందే చూసుకోండి.

బటన్ నొక్కితే చార్ట్ దానంతట అదే వచ్చేస్తుందా?

వస్తుంది, కానీ ముందు మీరు రూల్స్ రాసివ్వాలి. అసలు కష్టమంతా ఆ రాయడంలోనే ఉంది.

రూల్స్ రెండు రకాలు. కొన్నింటిని ఎట్టి పరిస్థితిలో దాటకూడదు: నైట్ చేసిన మర్నాడు పగలు డ్యూటీ వేయకూడదు, ఐసీయూలో ఎప్పుడూ కనీసం ఒక అనుభవజ్ఞుడు ఉండాలి, మంజూరైన లీవులో డ్యూటీ పడకూడదు. మిగతావి కుదిరితే పాటించాల్సినవి: వారాంతాలు సమానంగా పడాలి, ఒంటరిగా ఒక్క నైట్ పడకూడదు, అడిగిన రోజు ఆఫ్ దొరకాలి. ఈ రెండో రకం రూల్స్‌కి ఒక్కోదానికి ఒక్కో బరువు ఇస్తారు. దాన్ని తప్పినప్పుడల్లా చార్ట్‌కి ఆ మేరకు చెడ్డ మార్కులు పడతాయి. మొదటి రకం ఒక్కటీ తప్పకుండా, చెడ్డ మార్కులు వీలైనంత తక్కువ ఉన్న చార్ట్‌ని కంప్యూటర్ వెతుకుతుంది.

ఆ వెతుకులాట చిన్నది కాదు. 20 మంది డాక్టర్లు, 30 రాత్రులు, రాత్రికి ఒకరు. ఇంతకే ఎన్ని చార్టులు వేయొచ్చంటే, 1 పక్కన 39 సున్నాలు పెట్టినంత. అన్నీ ఒక్కొక్కటిగా చూడటం ఏ కంప్యూటర్ వల్లా కాదు. గణితంలో దీన్ని ఎన్‌పీ-హార్డ్ సమస్యల్లో, అంటే సైజు పెరిగేకొద్దీ చిక్కు విపరీతంగా పెరిగేవాటిలో చేరుస్తారు. నర్సుల రోస్టర్లని ఎవరి ప్రోగ్రామ్ బాగా వేస్తుందో చూడటానికి 2010లో అంతర్జాతీయ పోటీ కూడా పెట్టారు. ఇప్పటి పద్ధతులు కుదరని దారులని గుంపులు గుంపులుగా ముందే కొట్టిపారేసి, మంచి చార్ట్‌ని నిమిషాల్లో పట్టుకుంటాయి. గూగుల్ వాళ్ల ఓఆర్-టూల్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వచ్చే ఉదాహరణల్లో నర్సుల షిఫ్టులు వేయడం కూడా ఒకటి. మీ ఆస్పత్రిలో ప్రోగ్రామింగ్ తెలిసిన డాక్టర్ ఉంటే ఒకసారి ఆడి చూడమనండి, రూల్స్ రాయడం ఎంత పనో తెలిసొస్తుంది.

బరువులు ఎంత ఇవ్వాలన్నది మాత్రం ఏ ప్రోగ్రామూ చెప్పదు. ఒకరికి ఆదివారం ఆఫ్ ఇవ్వడం ముఖ్యమా, ఇంకొకరికి వరుసగా నాలుగో నైట్ తప్పించడం ముఖ్యమా? విభాగంలో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. ఇన్నాళ్లూ చార్ట్ వేసినవాళ్లు ఎవరికీ చెప్పకుండా తేల్చేస్తూ వచ్చిన సంగతి ఇదే.

"సాధ్యం కాదు" అని చూపిస్తోంది. సాఫ్ట్‌వేర్‌లో లోపమా?

ఎక్కువసార్లు కాదు. మనుషులు చాలడం లేదు.

లెక్క వేసి చూడండి. ఐసీయూలో ఒక్క డాక్టర్ పగలూ రాత్రీ ఉండాలి. వారానికి 168 గంటలు. పన్నెండేసి గంటల రెండు డ్యూటీలు, ప్రతి మార్పు దగ్గర అరగంట హ్యాండోవర్ (పేషెంట్ల సంగతులు వచ్చేవాళ్లకి అప్పగించడం) అంటే రోజుకు ఇంకో గంట, మొత్తం 175. మనిషికి వారానికి 48 గంటలు పరిమితి అనుకుంటే 3.65 మంది. ఇక వార్షిక సెలవులు, జబ్బు లీవులు, పరీక్షలు, శిక్షణ అన్నీ పోగా ఏడాదిలో 52 వారాలకు ఒక మనిషి చేతికి దొరికేది 42 వారాలే అనుకోండి. అప్పుడు 4.5 మంది. అంటే ఒక్క కుర్చీ ఖాళీ లేకుండా ఉండాలంటే అయిదుగురు కావాలి. నలుగురితో నడుపుతున్న చోట ఎక్సెల్ ఎప్పుడూ "సాధ్యం కాదు" అనలేదంటే, ఎవరో ఒకరు ఎక్కువ గంటలు చేశారు, లేదా లీవు వదులుకున్నారు. సాఫ్ట్‌వేర్ ఆ లెక్క బయటపెట్టింది.

చాలామంది ఇక్కడ చేసే పని, చార్ట్ వచ్చేదాకా రూల్స్ ఒక్కొక్కటీ సడలించుకుంటూ పోవడం. సడలించండి, తప్పదు. కానీ ఏది సడలించారో, ఎవరు ఒప్పుకున్నారో రాసి ఉంచండి. అదనపు పోస్టులు అడిగేటప్పుడు ఆ కాగితానికున్న విలువ వంద విన్నపాలకు ఉండదు.

పని గంటల పరిమితి ఎంత పెట్టాలి?

మీ దేశం చట్టం, మీ కాంట్రాక్టు, మీ కోర్సు నియమాలు, వీటిలో ఏది కఠినమో అది. ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2003 నాటి పని వేళల ఆదేశం ప్రకారం వారానికి సగటున 48 గంటలు, ప్రతి 24 గంటల్లో వరుసగా 11 గంటల విశ్రాంతి. అమెరికాలో రెసిడెంట్లకు (శిక్షణలో ఉన్న డాక్టర్లకు) 2003 నుంచి దేశమంతటా వారానికి 80 గంటలు, అది కూడా నాలుగు వారాల సగటు మీద. ఆ ఆలోచన అంతకుముందే న్యూయార్క్‌లో మొదలైంది. 1984లో లిబ్బీ జియాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి ఆస్పత్రిలో చేరిన కొన్ని గంటలకే చనిపోయింది. రెసిడెంట్ల అలసట మీద ఆ కేసు నుంచి పుట్టిన చర్చతోనే 1989లో ఆ రాష్ట్రం రెసిడెంట్ల గంటలకు హద్దు పెట్టింది.

పరిమితి ఎంతన్నది తెలుసుకోవడం తేలిక. దాన్ని సిస్టమ్ ఎలా లెక్కిస్తోందన్నది చాలామంది అడగరు. రెండు చోట్ల జాగ్రత్త.

ఒకటి, సగటు. నాలుగు వారాలకు 80 చొప్పున మొత్తం 320 గంటలు. 100, 100, 60, 60 చేసినా సగటు 80 వస్తుంది. తెర మీద అంతా పచ్చగానే ఉంటుంది. ఆ రెండు వారాలు చేసిన మనిషిని అడిగితే వేరే మాట చెబుతారు.

రెండు, వారం ఎక్కడ మొదలవుతుందన్నది. సోమవారం నుంచి ఆదివారం వరకే లెక్కపెట్టే సిస్టమ్‌లో ఒక డాక్టర్‌కి గురు, శుక్ర, శని, ఆది నాలుగు పన్నెండు గంటల డ్యూటీలు వేయండి: 48 గంటలు. పై వారంలో సోమ, మంగళ, బుధ: 36 గంటలు. రెండు వారాలూ హద్దులోనే ఉన్నాయి. కానీ ఆ మనిషి వరుసగా ఏడు రోజుల్లో 84 గంటలు చేశారు. అందుకే ఇంగ్లండ్‌లో శిక్షణలో ఉన్న డాక్టర్ల కాంట్రాక్టులో వారం అని కాకుండా, వరుసగా ఏ 168 గంటలు తీసుకున్నా 72 గంటలు దాటకూడదని రాశారు. మీ సిస్టమ్‌లో కూడా ఇలా జరుగుతూ పోయే లెక్క ఉందో లేదో ఈ ఉదాహరణే ఇచ్చి పరీక్షించండి.

ఆన్ కాల్‌ని పని గంటల్లో కలపాలా?

ఆస్పత్రిలోనే ఉండాల్సిన ఆన్ కాల్ అయితే, నిద్రపోయినా పని కిందే లెక్క అని యూరోపియన్ న్యాయస్థానం 2000లో సిమాప్ కేసులో, 2003లో జేగర్ కేసులో చెప్పింది. ఇంటి దగ్గర ఉండి ఫోన్ ఎత్తే ఆన్ కాల్ వేరు. అక్కడ మామూలుగా పిలిచాక చేసిన పనినే లెక్కిస్తారు, నియమాలు చోటుని బట్టి మారతాయి.

సిస్టమ్‌లో మాత్రం ఈ రెండింటికీ వేర్వేరు పేర్లు, వేర్వేరు రంగులు ఉండాలి. ఇంటి ఆన్ కాల్‌లో రాత్రి మూడుసార్లు వచ్చి వెళ్లిన డాక్టర్‌కి పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్ లిస్ట్ ఉంటే, ఆ రాత్రి వచ్చిన సంగతి నమోదయ్యే దారి లేకపోతే చార్ట్ దృష్టిలో ఆయన హాయిగా నిద్రపోయినట్టే. ఫోన్ నుంచి రెండు నొక్కుల్లో నమోదు చేయగలిగితేనే చేస్తారు. ఫారం నింపమంటే ఎవరూ నింపరు.

గంటలు తగ్గిస్తే పేషెంట్లకు నిజంగా మేలేనా?

సూటిగా అవునని చెప్పడం కుదరదు. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో ఒక ఆస్ట్రేలియా అధ్యయనం చూపించింది. 2004లో అమెరికాలో ఐసీయూ ఇంటర్న్‌ల మీద చేసిన అధ్యయనంలో, పాత పద్ధతి పొడుగాటి డ్యూటీల్లో తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువగా కనిపించాయి. ఆ దారిలోనే 2011లో మొదటి ఏడాది రెసిడెంట్లకు ఒక్క డ్యూటీ 16 గంటలు మించకూడదన్నారు.

తర్వాత కథ మలుపు తిరిగింది. సర్జరీలో 'ఫస్ట్', జనరల్ మెడిసిన్‌లో 'ఐకంపేర్' అనే రెండు పెద్ద ట్రయల్స్ జరిగాయి. వారానికి 80 గంటల హద్దు అలాగే ఉంచి, ఒక్కో డ్యూటీ పొడవులో వెసులుబాటు ఇచ్చి చూశారు. పేషెంట్ల ఫలితాలు అధ్వానం కాలేదు. ఐకంపేర్ ఫలితాలు ఇంకా రాకముందే, 2017లో 16 గంటల రూల్ తీసేసి, మొదటి ఏడాది వాళ్లకూ 24 గంటలు, ఆపైన అప్పగింతలకు నాలుగు గంటల దాకా అనుమతించారు.

కారణాల్లో ఒకటి చార్ట్ వేసేవాళ్లకు బాగా తెలిసిందే. డ్యూటీ చిన్నదైతే చేతులు మారడం ఎక్కువవుతుంది. సాయంత్రం ఎవరో చూసిన పేషెంట్ రాత్రి ఇంకొకరి చేతికి, తెల్లారేసరికి మూడోవారి చేతికి వెళ్తాడు. ప్రతి మార్పిడిలో ఏదో ఒకటి చెప్పడం మరిచిపోతారు. ఐ-పాస్ అనే క్రమబద్ధమైన హ్యాండోవర్ పద్ధతి నేర్పాక వైద్య పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో పిల్లల వార్డుల్లో చేసిన అధ్యయనం తేల్చింది. కాబట్టి డ్యూటీ ఎనిమిదింటికి అయిపోతే వచ్చేవాళ్లది కూడా సరిగ్గా ఎనిమిదింటికే మొదలయ్యేలా చార్ట్ వేయకండి. అరగంట ఇద్దరూ కలిసి ఉండాలి, ఆ అరగంట ఇద్దరి పని గంటల్లోనూ కనిపించాలి. చాలా సిస్టమ్‌లలో దీన్ని మీరు అడిగి పెట్టించుకోవాలి.

నైట్ల విషయంలో ఇంకో మాట. డ్యూటీలు మారేటప్పుడు పగలు, సాయంత్రం, రాత్రి అన్న వరుసలో ముందుకు జరిగితే ఒళ్లు త్వరగా సర్దుకుంటుంది. వెనక్కి జరిగితే కష్టం.

నైట్లు అందరికీ సమానంగా పడతాయా?

సమానం అంటే ఏమిటో మీరు చెబితే పడతాయి. నైట్ల సంఖ్య సమానం చేస్తే శుక్ర, శనివారం నైట్లన్నీ ఒకరికే పడొచ్చు. వారాంతాలు కూడా సమానం చేస్తే పెద్ద సెలవు రోజుల డ్యూటీలు ఒకరికే పడొచ్చు. అందుకే చాలా విభాగాలు పాయింట్లు పెట్టుకుంటాయి: మామూలు నైట్‌కి ఇంత, వారాంతం నైట్‌కి ఇంత, పెద్ద సెలవు రోజుకి ఇంత. ఆ ఖాతా నెల నెలకీ సున్నా నుంచి మొదలవకూడదు, కొనసాగుతూ ఉండాలి. పోయిన ఏడాది ఆ సెలవు రోజున చేసినవాళ్లకి ఈ ఏడాది వదిలేయాలంటే సిస్టమ్‌కి పోయిన ఏడాది గుర్తుండాలి కదా.

నడిమధ్యలో చేరినవాళ్ల సంగతి ముందే తేల్చండి. ఖాతా సున్నాతో మొదలుపెడితే "ఇతను అందరికన్నా తక్కువ చేశాడు" అని సిస్టమ్ అనుకుని, కొత్తవాళ్ల మీద వరుసపెట్టి నైట్లు కుమ్మరిస్తుంది. చేరిన రోజున మిగతావాళ్ల సగటు ఎంతో అంత ఇచ్చి మొదలుపెట్టాలి. పొడుగాటి లీవు నుంచి తిరిగి వచ్చినవాళ్లకీ అంతే. ప్రసూతి సెలవు నుంచి వచ్చిన డాక్టర్‌తో ఆర్నెల్ల నైట్లు 'బాకీ' తీర్పించే సిస్టమ్‌ని ఊహించుకోండి.

గర్భిణులకు, ఫలానా వయసు దాటినవాళ్లకు నైట్లు ఉండాలా వద్దా అన్నది విధానం. దాన్ని పైవాళ్లు రాతపూర్వకంగా చెప్పాలి. చార్ట్ వేసే జూనియర్ మీద ఆ నిర్ణయం రుద్దకూడదు.

ఈ ఖాతా అందరికీ కనిపించాలి. "నాకే ఎక్కువ పడుతున్నాయి" అన్న మాట ప్రతి విభాగంలోనూ వినిపిస్తుంది, సగం మంది అదే అంటారు. లెక్క ఎదురుగా ఉంటే ఆ గొడవ రెండు నిమిషాల్లో తేలుతుంది. ఒక్కోసారి అన్నవాళ్లదే నిజమని కూడా తేలుతుంది.

మేం మేం డ్యూటీలు మార్చుకుంటాం. దానికీ అనుమతి కావాలా?

ఇద్దరూ ఒప్పుకోవడం వరకు మీ ఇష్టం. కానీ మారాక రూల్స్ తప్పుతున్నాయేమో చూడాలి, అది మనిషి కంటే సిస్టమ్ బాగా చూస్తుంది. మీరు గురువారం నైట్ తీసుకుంటే శుక్రవారం పొద్దున థియేటర్ ఉందన్న సంగతి ఆ హడావిడిలో ఇద్దరికీ గుర్తుండకపోవచ్చు. ఒకే స్థాయి డాక్టర్లు, ఏ రూల్ తప్పలేదు, డ్యూటీకి ఇంకా రెండు రోజులుంది అంటే సిస్టమే వెంటనే ఆమోదించేలా పెట్టండి. మిగతావి మాత్రమే మనిషి దగ్గరికి వెళ్లాలి. ప్రతిదానికీ విభాగాధిపతి ఆమోదం పెడితే రెండో వారానికల్లా అందరూ మళ్లీ వాట్సాప్‌లోనే మార్చుకుంటారు.

అవతలివాళ్లు ఒప్పుకునేదాకా డ్యూటీ మొదటివాళ్లదే. ఈ ఒక్క ముక్క తెర మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

లీవు పెట్టిన రోజు పొద్దున ఎనిమిదింటిదాకా డ్యూటీలోనే ఉన్నాను. ఇదేం లెక్క?

ఆదివారం రాత్రి ఎనిమిదికి మొదలైన నైట్ సోమవారం పొద్దున ఎనిమిదికి అయిపోతుంది. సిస్టమ్ దాన్ని ఆదివారం డ్యూటీగా రాసుకుంటుంది. మీ లీవు సోమవారం నుంచి. కంప్యూటర్‌కి ఇందులో తప్పేమీ కనిపించదు. పొద్దున ఆరింటి రైలు పోగొట్టుకున్న మీకు కనిపిస్తుంది. లీవు ముందు రోజు నైట్ వేయకూడదన్న రూల్ విడిగా పెట్టించుకోవాలి. సెట్టింగులు చేసేటప్పుడు అర్ధరాత్రి దాటే డ్యూటీలన్నింటినీ లీవులు, నెలాఖరు, జీతం తేదీ, వీటితో కలిపి ఒకసారి పరీక్షించండి. గడియారాలు ముందుకూ వెనక్కీ జరిపే దేశాల్లో ఏడాదికి ఒక రాత్రి పన్నెండు గంటల డ్యూటీ పదకొండు అవుతుంది, ఇంకో రాత్రి పదమూడు అవుతుంది, అదీ చూడండి.

చార్ట్ ఎంత ముందు ఇవ్వాలి?

ఇంగ్లండ్‌లో డ్యూటీ రోస్టర్ ఆరు వారాల ముందు ఇవ్వాలని ఒప్పందం ఉంది. అంత కుదరకపోయినా నాలుగు వారాలకు తగ్గకుండా చూడండి. సిస్టమ్ వచ్చాక "ఎప్పుడైనా మార్చొచ్చు కదా" అన్న ధీమాతో ముందురోజు రాత్రి చార్ట్ పెట్టే అలవాటు మొదలవుతుంది. ప్రకటించిన చార్ట్‌లో ఆఫీసు చేసే ప్రతి మార్పుకీ కారణం రాయాల్సిందేనని పెట్టండి.

చివరి నిమిషంలో ఒకరు జ్వరమని రాలేదు. సిస్టమ్ ఏం చేస్తుంది?

ఆ డ్యూటీ చేయగల అర్హత ఉండి, చేస్తే ఏ రూల్ తప్పనివాళ్ల జాబితా క్షణంలో ఇస్తుంది. అందరికీ ఒకేసారి మెసేజ్ పంపగలదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మెసేజ్ అందరికీ వెళ్లినా జవాబిచ్చేది ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురే. కాదనలేని మొహమాటస్థులు. మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, కొన్నాళ్లకు నేరుగా వాళ్లకే ఫోన్ చేయడం మొదలవుతుంది. ఈ అదనపు డ్యూటీలు కూడా పాయింట్ల ఖాతాలో పడాలి, జాబితాలో తక్కువ చేసినవాళ్ల పేర్లే పైన రావాలి. తరచూ ఇలాంటి ఖాళీలు వస్తుంటే స్టాండ్‌బై డ్యూటీ ఒకటి చార్ట్‌లోనే వేయడం మర్యాద.

జీతాలతో కలపాలా?

కలిపితే మంచిదే, కానీ తొందరపడొద్దు. వేసిన గంటలు వేరు, చేసిన గంటలు వేరు. డ్యూటీ ఎనిమిదికి అయిపోయినా పేషెంట్‌ని వదిలి రాలేక పదింటిదాకా ఉన్న డాక్టర్ గంటలు చార్ట్‌లో ఉండవు. ఇంగ్లండ్‌లో దీని కోసమే 2016 కాంట్రాక్టులో, అదనంగా పని చేసినప్పుడల్లా నమోదు చేసే పద్ధతి పెట్టి, వాటిని చూడటానికి ప్రతి ఆస్పత్రిలో ఒక బాధ్యుడిని నియమించారు. అలాంటి దారి లేకుండా చార్ట్‌ని నేరుగా జీతాలకు కలిపితే, చేసిన పని కాగితం మీద లేకుండా పోతుంది.

సర్వర్ ఆగిపోతే?

ఆగిపోతుంది, ఎప్పుడో ఒకప్పుడు. 2021 డిసెంబర్‌లో క్రోనోస్ అనే పెద్ద హాజరు, జీతాల సర్వీసు మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాడి జరిగి కొన్ని వారాల పాటు పని చేయలేదు. దాన్ని నమ్ముకున్న ఆస్పత్రులు కాగితాల మీద గంటలు రాసుకోవాల్సి వచ్చింది.

రోజూ సాయంత్రం వచ్చే మూడు రోజుల చార్ట్ ఫోన్ నంబర్లతో సహా ప్రింట్ అయ్యి క్యాజువాలిటీలో, టెలిఫోన్ ఆపరేటర్ దగ్గర ఉండాలి. దాని మీద ప్రింట్ అయిన తేదీ, సమయం ఉండాలి. ఇంతకు మించిన ఏర్పాటు చేసుకోగలిగితే సంతోషం, కానీ ఇది మాత్రం మానొద్దు.

నా లీవు కారణం అందరికీ కనిపిస్తుందా?

కనిపించకూడదు. తోటివాళ్లకు 'అందుబాటులో లేరు' అన్నంత వరకే కనిపించాలి. జబ్బు, గర్భం, కోర్టు పని లాంటి వివరాలు మంజూరు చేసేవారి దగ్గరే ఆగాలి. డ్యూటీలో లేనప్పుడు కూడా ఫోన్ లొకేషన్ అడిగే యాప్ అయితే, ఎందుకని గట్టిగా అడగండి.

సీనియర్లు యాప్ వాడబోమని అంటున్నారు. ఏం చేయాలి?

వాడమని బలవంతం చేయకండి. చార్ట్‌ని వాళ్ల ఫోన్ క్యాలెండర్‌కి కలిపేసే లింక్ ఇవ్వండి. మంచి సిస్టమ్‌లన్నీ ఇస్తాయి. అపాయింట్‌మెంట్ల పక్కనే డ్యూటీ కనిపిస్తుంటే యాప్ తెరవాల్సిన పనే ఉండదు. కాకపోతే క్యాలెండర్ లింక్ కొన్ని గంటలకొకసారే తాజా అవుతుంది కాబట్టి, ఆఖరి నిమిషం మార్పులకు మెసేజో ఫోనో తప్పదు.

కొందరి అభ్యంతరం యాప్ మీద కాదు, లెక్క బయటపడటం మీద. అది వేరే సంగతి, దానికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు.

కొనే ముందు డెమోలో ఏం అడగాలి?

వాళ్లు తెచ్చిన నమూనా డేటా చూడకండి. అది ఎప్పుడూ అందంగానే ఉంటుంది. మీ విభాగంలో గడిచిన అత్యంత ఘోరమైన నెల డేటా ఇవ్వండి: ఇద్దరు జబ్బు, ఒకరు పెళ్లి, పరీక్షల సీజను. దాంతో చార్ట్ వేయమనండి. వచ్చిన చార్ట్‌లో ఒక డ్యూటీని చూపించి "ఇది ఈ డాక్టర్‌కే ఎందుకు పడింది?" అని అడగండి. సిస్టమ్ జవాబు చెప్పలేకపోతే రేపు ఆ జవాబు మీరు చెప్పుకోవాలి. ఏఐ ఉందని చెప్పేవాళ్లని కూడా ఇదే ప్రశ్న అడగండి.

ఇంకొకటి: మానేస్తే మా డేటా మొత్తం మామూలు ఫైలుగా చేతికిస్తారా? దీనికి వచ్చే జవాబు కాంట్రాక్టులో రాయించుకోండి.

ఎంత కాలానికి దారిలో పడుతుంది?

ఒక్క విభాగంతో మొదలుపెట్టండి, అదీ కొత్త బ్యాచ్ చేరే నెలలో కాదు. మొదటి చార్ట్‌ని పాత పద్ధతిలో కూడా వేసి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉన్న ప్రతి చోటా మీరు రాయడం మరిచిపోయిన రూల్ ఒకటి దొరుకుతుంది. రెండు మూడు చార్టులకు ఆ తేడాలు తగ్గుతాయి. రెండూ ఒకేసారి నడపడం అంతకు మించి సాగదీయకండి, ఏది అసలు చార్టో తెలియని పాత రోజులే మళ్లీ వస్తాయి.

బాగుపడుతోందా లేదా తెలియాలంటే చార్ట్ ప్రకటించాక జరిగిన మార్పులు, ఖాళీగా మిగిలిన డ్యూటీలు, తప్పిన విశ్రాంతి, ఆన్ కాల్‌కి తప్పు మనిషికి వెళ్లిన ఫోన్లు నెల నెలా చూడండి. ఆఖరిది ఏ సిస్టమూ లెక్కపెట్టదు. టెలిఫోన్ ఆపరేటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టి, అలాంటి ఫోన్ వెళ్లినప్పుడల్లా ఒక గీత గీయమనండి.